సెలా దగ్గర ఆగుదామా?

ఆరాధనలో కీర్తన చదివేటప్పుడు "సెలా" అనే మాట వచ్చిన చోట మనమేమి చేస్తామో ఎప్పుడైనా గమనించారా? దాన్ని మింగేసి తర్వాతి వచనానికి పరుగెత్తుతాము. మేమూ పదిహేనేండ్లుగా పుల్పిట్ మీద నుండి అలాగే చదివాము.

ఆ మాట 39 కీర్తనలలో 71 సార్లు, హబక్కూకు 3వ అధ్యాయములో 3 సార్లు ఉన్నది. దాని అర్థము విషయములో పండితులకు నేటికీ ఏకాభిప్రాయము లేదు. పాట ఆపవలసిన చోటని కొందరు, స్వరము పెంచవలసిన చోటని కొందరు అంటారు. పూర్వము కీర్తనలను గ్రీకులోకి మార్చినవారు మాత్రము పాట మధ్య విరామమనే భావమున్న మాట వేశారు. 46వ కీర్తన చూడండి. జలములు ఘోషించి పర్వతములు కదిలే వచనము చివరనే మొదటి సెలా ఉన్నది. అంతా సర్దుకున్న తర్వాత కాదు, ఆ గోల మధ్యలోనే!

కొన్నేండ్ల క్రితము మా సంఘములో ఒక తల్లి చేతికందివచ్చిన కొడుకును పోగొట్టుకున్నది. మేము వెళ్లి వాక్యము చదివి, ఆదరణ మాటలు చెప్పి, ప్రార్థించి, గంటసేపటికి లేచాము. బాగానే పరిచర్య చేశామనుకున్నాము. నెల తర్వాత ఆమె అన్నది: "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజు మీరు చెప్పినవాటిలో ఒక్క మాటా గుర్తు లేదు. మా వదిన వచ్చి నా పక్కన ఊరికే కూర్చుంది. అదే గుర్తుంది."

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మౌనముగా కూర్చున్నారు. నోరు తెరచిన తర్వాతే వారు దారి తప్పారు. ఇది మేము ఎన్నోసార్లు బోధించిన సంగతే!

అప్పటి నుండి సెలా వచ్చినచోట చదవడము ఆపుతున్నాము. మొదటి ఆదివారము మైకు పోయిందనుకొని ఒక తమ్ముడు లేచి వచ్చి వైర్లు కదిలించాడు. ఇప్పుడు పిల్లలు కూడా ఆగుతున్నారు.

ఇంటిలోనూ ఇలాంటి చోట్లు ఎన్నో ఉన్నాయి. కుళాయి కింద బిందె నిండేవరకు, ఎసరు మరిగేవరకు, బస్సు వచ్చేవరకు. ఆ కాస్త సమయములో చేయి ఊరికే ఉండదు, సెల్‌ఫోను మీదికి పోతుంది. దాన్ని పక్కన పెట్టి నీళ్ల చప్పుడు వినండి, మీ ఊపిరిని గమనించండి. ప్రార్థనకు మాటలు వెదకనక్కరలేదు. అయితే మొదటే నెమ్మది దొరుకుతుందని మేము చెప్పము. ఎరువుల అప్పు, కూతురి కాలేజీ ఫీజు, అన్నదమ్ముల గట్టు తగాదా, పనిలో పడి మరచినవన్నీ ముందు బయటికి వస్తాయి. మా ఇల్లాలైతే మూడో రోజే "ఇంతకన్నా పనిలో ఉండడమే నయము" అన్నది. వాటిని తరమవద్దు. రానిచ్చి, మరల నీళ్ల చప్పుడు వినండి. బిందె నిండేసరికి వాటి బరువు కొంతైనా తగ్గడము మా ఇంట చూశాము.

ఈ మధ్య ఆ తల్లి ఇంటికి మరల వెళ్లాము. ఆమె చింతపండు గింజలు తీస్తున్నది. బైబిలు సంచిలోనే ఉంచి, ఎదురుగా పీట వేసుకొని మేమూ తీయసాగాము. చాలాసేపటికి ఆమే కొడుకు పేరు ఎత్తింది. వాడికి చేపల పులుసు ఎంత ఇష్టమో చెప్పింది.