డిస్కు మరమ్మతు – దాఁచుకొన్న వస్తువులకు ముప్పు

పూర్వము భోషాణములో భద్రపఱచుకొన్న వస్తువులలోఁ బెక్కు లిపుడు అఱచేతి వెడల్పు డిస్కులోనికిఁ జేరినవి. పిల్లల బాల్యపు ఛాయాపటములు, పెండ్లి వీడియోలు, పొలము దస్తావేజుల ప్రతులు, కువైటునకో అమెరికాకో పోయిన బిడ్డలు పంపిన చిత్రములు, అన్నియు నందే. మా దిండి వసిష్ఠ గోదావరి యొడ్డున నున్నది. గాలివాన పట్టినచోఁ గొబ్బరిమట్ట తీఁగలపైఁ బడుట, కరెంటు పోవుట ఇచ్చట వింత గాదు. డిస్కుపై వ్రాఁత సాగుచుండఁగాఁ గరెంటు పోయినను, తొందరపడి త్రాడు పెఱికినను దాని లెక్కలు తాఱుమాఱగును. మఱల తగిలింపఁగానే కంప్యూటరు “ఈ డిస్కులో దోషమున్నది, సరిచేయుదునా?” యని వినయముగా నడుగును. సరే యనుటకు ముందు కొంచె మాగవలెను.

డిస్కులో సరకు వేఱు, సరకు ఎచ్చట నున్నదో తెలుపు పట్టీ వేఱు. ఒక ఛాయాపటము ముక్కలై పలు తావుల నుండవచ్చును. ఏ ముక్క పిదప ఏది రావలెనో పట్టీయే చెప్పును. మరమ్మతు సాఫ్టువేరు చక్కదిద్దునది యీ పట్టీనే. మీ యమ్మాయి అక్షరాభ్యాసపుఁ బటమేదో, పనికిమాలిన కాగితమేదో దానికిఁ దెలియదు. పట్టీ కెక్కని ముక్కలు దొరికినచో విండోసులోని చెక్‌డిస్కు వానిని ‘ఫౌండ్.000’ అను సంచిలో, అసలు పేర్లు లేకుండ, అంకెలు వేసి పడవేయుట కలదు. పట్టీలోని పద్దు పొసఁగనిచో దానిని కొట్టివేసి, ఆ తావు ఖాళీ యని వ్రాయుటయుఁ గలదు. తుదకు డిస్కు బాగుపడినదని ప్రకటించును. అది యబద్ధము గాదు. డిస్కు బాగుపడినది, మీ వస్తువు పోయినది! ఆ ఖాళీలోఁ గ్రొత్త ఫైళ్లు పడిన పిమ్మట నిపుణులును దానిని తిరిగి తేలేరు.

వైద్యుఁడే రోగమైన సందర్భములును గలవు. 1991లో వచ్చిన ఎమ్మెస్-డాస్ 5.0లోని చెక్‌డిస్కు కొన్ని పెద్ద డిస్కులలోని సమాచారమును చెఱుపఁగలదని తేలఁగా, మైక్రోసాఫ్టువారు దానిని దిద్ది 5.0ఎ కూర్పును విడుదల చేసిరి. 2020 డిసెంబరులో విండోసు 10 నవీకరణ మొకటి వేసికొన్న కొన్ని యంత్రములు, దిద్దుబాటు ఆజ్ఞతోఁ జెక్‌డిస్కు నడిపినంతనే తెఱచుకొనుట మానినవి. ఆ సంగతి మైక్రోసాఫ్టువారే యొప్పుకొని సవరించిరి.

సోదరీమణులారా, మన భాషాచరిత్రలోనే యిందు కొక దారి కనఁబడుచున్నది. బ్రౌను దొర (1798–1884) తాటాకుఁ బ్రతులను పలుచోట్ల నుండి తెప్పించి, పండితులచేఁ బోల్పించి, పరిష్కరించిన పాఠమును వేఱు ప్రతిగా వ్రాయించెను. పండితుఁడు పొరబడినను మూల ముండును. డిస్కు విషయమునను ప్రతి ముందు, పరిష్కారము పిదప.

డిస్కు తెఱచుకొనుచున్నంతలోనే ముఖ్యమైన ఫైళ్లను వేఱొకదాని కెక్కించుఁడు. తెఱచుకొననిచో, ఫార్మాటు చేయుదునా యను ప్రశ్నకు మాత్రము సరే యనకుఁడు. తెలిసినవారిచే డీడీరెస్క్యూ వంటి యుచిత సాఫ్టువేరుతో డిస్కంతటికిని ప్రతి తీయించి, చికిత్స యా ప్రతిపైఁ జేయింపుఁడు. దోషమేమో తెలిసికొనుటకే యైనచో, చెక్‌డిస్కును దిద్దుబాటు ఆజ్ఞ లేకుండ నడుపవచ్చును. అప్పు డది చూచి చెప్పును గాని దిద్దదు. పోయినవానిని వెదకు సాఫ్టువేరును ఆ డిస్కుమీఁదనే యెక్కించుట, దొరికినవానిని అందే దాఁచుట రెండును హానికరములు. లోపల టకటక శబ్దము వినఁబడినచో నిఁక నే సాఫ్టువేరును వలదు, వెంటనే త్రాడు తీయవలెను. అది పట్టీలోని చిక్కు గాదు, యంత్రమునకు దెబ్బ. గంటలకొలఁది డిస్కంతయుఁ జదివించు మరమ్మతు, కాలు విఱిగినవానిని మెట్లెక్కించుట వంటిది.

ఇది మగవారి వ్యవహార మని యూరకుండుట నాకు సమ్మతము గాదు. ఆ పటములకై రేపు వెదకునది మనమే గదా! దుకాణమువాఁడు “బాగుచేసి యిచ్చెద” ననినపుడు, డిస్కును బాగుచేయుదువా, అందలి పటములను తీసి యిచ్చెదవా యని యడుగుఁడు. రెండవదే కావలెనని చెప్పి, ప్రతి తీయక దేనిని ముట్టవలదని చీటీ వ్రాసి డిస్కునకుఁ గట్టి మఱీ యిండు.