ఓజస్సును హరించు కృత్రిమ ఉత్తేజకములు

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతముల బిడ్డలు అనేకులు చదువులకై బెంగళూరు, చెన్నై, హైదరాబాదులలో హాస్టళ్ళలో ఉందురు. అట్టి నగరములలో "ఎం.డి.", "మ్యావ్ మ్యావ్", "ఎక్‌స్టసీ" అను మారుపేర్లతో చేతులు మారు పొడులను, బిళ్ళలను గూర్చి తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరము. 2017లో హైదరాబాదున ఆబ్కారీ అధికారులు ఛేదించిన కేసులో ఇవి పాఠశాల విద్యార్థుల వరకు చేరినట్లు బయటపడినది.

వీని కుటుంబమునకు మూలము ఔషధమే. కొందరు వైద్యులు సోమలతగా వ్యవహరించు ఎఫెడ్రా మొక్కనుండి జపాను శాస్త్రజ్ఞుడు నగాయి 1885లో ఎఫెడ్రిన్‌ను వేరుచేసెను. ఉబ్బసరోగులకు అది మేలు చేసినది. దానినుండియే ఆయన 1893లో మెథాంఫెటమిన్‌ను తయారుచేసెను. తరువాతివారు నిషిద్ధ పదార్థపు నిర్మాణమును స్వల్పముగా మార్చి, చట్టపు పట్టికలో లేని క్రొత్తవానిని అమ్మసాగిరి. "ఎం.డి." అనబడు మెఫెడ్రోన్‌ను మన దేశమున మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చినది 2015లోనే.

ఇవి బలమునిచ్చుననుట భ్రమ. మెదడు కొద్దికొద్దిగా వాడుకొనుటకు దాచుకొన్న డోపమైన్, సెరటోనిన్ మున్నగువానిని ఒక్కసారిగా వెలికి త్రోయును. నిద్ర, ఆకలి నశించును. పిదప దిగులు, అనుమానము మిగులును. మద్యము హృదయమందలి ఓజస్సును క్షోభింపజేయుటను చరకుడు మదాత్యయ చికిత్సలో వివరించెను. ఈ పొడులను ఆయన ఎరుగడు గాని, జరుగు నష్టము ఆ జాతిదే. గుండె లయ తప్పును, రక్తపుపోటు పెరిగి యువకులకు సైతము మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. అన్నిటికంటె ప్రమాదకరమైనది తాపము. శరీరోష్ణము 40 డిగ్రీలు దాటి, కండరములు కరగి, మూత్రపిండములు చెడును. మన వేసవిలో ఇది మరింత త్వరగా ముదురును.

మన ఇండ్లలో వేడి చేసినదనగానే మజ్జిగ, నిమ్మరసము ఇత్తుము. ఇచట ఆ చిట్కాలు పనికిరావు. మా శాస్త్రమున దీనికి విరుగుడున్నదని చెప్పువారిని నమ్మకుడు. స్పృహ తప్పువాని నోట పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఎక్‌స్టసీ మ్రింగినవాడు అతిగా నీరు త్రాగినచో రక్తమున సోడియము తగ్గి మెదడు వాచును. వెంటనే 108కు ఫోను చేసి, నీడన ప్రక్కకు పరుండబెట్టి, తడిగుడ్డతో తుడుచుచు విసరవలెను. రుయా వంటి పెద్దాసుపత్రికి చేర్చునపుడు, మిగిలిన పొట్లమున్నచో వెంట కొనిపోవలెను. ఏమి తీసికొనెనో పరువుకు వెరచి వైద్యునికి దాచిన, ప్రాణమునకే ముప్పు.

కేసు భయముతో చికిత్సకు వెనుదీయువారు కలరు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై గుర్తింపు పొందిన కేంద్రమున చికిత్సకు చేరినచో, ఆ చట్టపు 64ఎ విభాగము అతనికి ప్రాసిక్యూషన్‌నుండి రక్షణ కల్పించుచున్నది. సలహాకు 14446 ఉచిత ఫోను కలదు.