ఈ-మెయిలు పెట్టెకు వరద

విజయవాడకు పడమటి వైపున, కృష్ణ ఒడ్డున భవానీపురము ఉన్నది. దానికి దిగువన 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి కలదు. దాని వెనుక నిలుచు నీరు సుమారు 3 టి.యం.సి.లు, అనగా 300 కోట్ల ఘనపుటడుగులు. 2024 సెప్టెంబరు 2వ తేదీన వచ్చిన వరద ఉద్ధృతి సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగులు. మొదటి అంకెను రెండవదానిచే భాగించిన సుమారు 2,600 సెకనులు వచ్చును. అంతటి వరద ఖాళీ జలాశయమునైనను ముప్పావు గంటలోపల నింపివేయును! వరదను దాచుట ఈ బ్యారేజి పని కాదు. వచ్చిన నీటిని కాలువలకో, సముద్రమునకో పంపుటయే దాని పని.

మన ఈ-మెయిలు పెట్టె సంగతియు ఇట్టిదే. దానిని గోదాముగా భావించుట వలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి. 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికను ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు వలయము ద్వారా జాబు పంపినప్పుడు ఈ బెడద లేదు. నేడు ఒక ఉపాధ్యాయునికి దినమునకు 40 జాబులు వచ్చుచున్నవనుకొందము. ఆయన 35 మాత్రమే పరిష్కరించిన, మిగులు 5. ఏడాది తిరుగునప్పటికి అవి 1,825 అగును.

ఇందు పనిచేయు సూత్రమును 1961లో జాన్ లిటిల్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. రాక పోకలు సమముగా ఉన్నప్పుడు, వరుసలో సగటున ఉండు సంఖ్య = వచ్చు వేగము × ఒక్కొక్కటి నిలుచు కాలము. దినమునకు 40 జాబులు వచ్చి, ఒక్కొక్కటి 5 దినములు నిలిచిన, పెట్టెలో ఎప్పుడును 200 ఉండును. వీనిని తగ్గించుటకు రెండే మార్గములు: రాకను తగ్గించుట, నిలుచు కాలమును తగ్గించుట. ఒక ఆదివారము కూర్చుండి అన్నియు తుడిచివేసినను, ఈ రెండును మారనిచో పెట్టె మరల నిండును.

సంఖ్య వేరు, పరిమాణము వేరు. అక్షరములే ఉన్న జాబు 10 కిలోబైట్లనుకొన్న, 20 మెగాబైట్ల ఫోటోలున్న ఒక్క జాబు అట్టి 2,000 జాబుల చోటు ఆక్రమించును. పైగా ఈ-మెయిలు మొదట అక్షరములను మోయుటకే ఏర్పడినది. కాబట్టి ఫోటోలోని ప్రతి 3 బైట్లను 4 అక్షరములుగా మార్చి పంపుదురు. జతపరచిన దస్త్రము దారిలో మూడవ వంతు బరువెక్కును. అందుచేత చోటు కావలసినవారు పాత జాబులను గాక, పెద్ద జాబులను ముందు వెదకవలెను.

జీమెయిలులో ఉచితముగా లభించు 15 గిగాబైట్ల చోటును ఫోటోలు, డ్రైవు కూడ పంచుకొనును. అది నిండిన పిమ్మట వచ్చు జాబులు పంపినవారికే తిరిగిపోవును. పరీక్ష రుసుము గడువును తెలుపు జాబు అట్లు తిరిగిపోయిన, నష్టపడువాడు విద్యార్థి.

శుభ్రపరచు క్రమము ఇది. మొదట, పెద్ద జతలున్న జాబులను వెదకి, కావలసిన దస్త్రములను వేరొకచోట భద్రపరచి, తొలగింపుడు. రెండవది, ఒకే దుకాణము నుండి వచ్చిన ప్రకటనలను పేరుతో వెదకి ఒక్కసారిగా తుడువుడు. వెంటనే ఆ చందాను రద్దు చేయుడు. తుడుపు నీటిని తోడుట, రద్దు తూము మూయుట. అయితే అపరిచితుల మోసపు జాబులలోని రద్దు లంకెను తాకరాదు. వానిని స్పాముగా గుర్తింపుడు. మూడవది, మిగిలినవానిలో జవాబు కావలసినవానిని విడదీసి, తక్కినవి ఆర్కైవు చేయుడు. ఆర్కైవు చేసినవి కనుమరుగగును గాని చోటు విడువవు. తొలగించినవి సైతము చెత్తబుట్టలో 30 దినములుండును. దానిని ఖాళీ చేసిననే చోటు వెంటనే లభించును.

విద్యార్థులు ఒక వారము దినదినము వచ్చిన జాబులు, పరిష్కరించినవి లెక్కించి రెండు రేఖలు గీయవచ్చును. ఆ రేఖల నడుమ ఎడము పెరుగుచున్నదో, తరుగుచున్నదో చూచిన, పెట్టె ఎప్పుడు పొంగునో ముందే చెప్పగలుగుదురు.