నమూనా విమానమునకు రేడియో ప్రసారిణిని ఎన్నుకొనుట

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలములలో మందు చల్లు డ్రోనులు నేడు వింత కాదు. గుంటూరు చెంత లాంలోనున్న ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము వీనిని నడుపుటలో శిక్షణను కూడ చేపట్టినది. పత్తి, మిరప చేలపై ఇవి తిరుగుటను చూచిన విద్యార్థులకు, తామును ఒక చిన్న విమానమును చేసి ఎగురవేయవలెనను కోరిక కలుగుట సహజము. రెక్కలను, తోకను థర్మోకోలుతో చేసికొనవచ్చును. మోటారు, ప్రొపెల్లరు, బ్యాటరీ దుకాణములో దొరకును. రెక్క విరిగినచో అతికింపవచ్చును. కాని చేతిలో పట్టుకొని విమానమును నడుపు రేడియో ప్రసారిణిని ఒకసారి కొన్నచో, అది ఎన్ని విమానములు మారినను మారక చాల సంవత్సరములు ఉపయోగింపవలసినది. కనుక దానిని ఆలోచించి ఎన్నుకొనవలెను.

అమ్మువారు సామాన్యముగా రెండు సంఖ్యలను చెప్పుదురు: ఎన్ని చానెళ్ళు, ఎంత దూరము. ఈ రెండును తెలిసికొనదగినవే. కాని వీనికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నవి. ఆ ప్రసారిణి పంపు తరంగమును మన దేశములో వాడవచ్చునా? గాలిలో ఉండగా ప్రసారిణికి, విమానమునకు సంబంధము తెగినచో విమానము ఏమి చేయును? ఈ రెండవ ప్రశ్నకు సరియైన సమాధానము లేని ప్రసారిణి ఎంత చవుకయైనను కొనదగినది కాదు.

ప్రసారిణి చేయు పని

గాలిపటమునకు దారము ఉన్నది. నమూనా విమానమునకు దారమునకు బదులు రేడియో తరంగము ఉన్నది. ప్రసారిణిపై రెండు మీటలు ఉండును. మీటను ఒక ప్రక్కకు జరిపినచో, దాని స్థానము ఒక సంఖ్యగా మారి తరంగముతోపాటు పోవును. విమానములోని గ్రాహకము ఆ సంఖ్యను చదివి, సర్వో అను చిన్న మోటారునకు విద్యుత్ స్పందనముల రూపములో అందించును. స్పందనము 1.5 మిల్లీసెకనులు ఉన్నచో సర్వో నడుమ నిలుచును. 1 మిల్లీసెకను ఉన్నచో ఒక వైపునకు, 2 మిల్లీసెకనులు ఉన్నచో రెండవ వైపునకు తిరుగును. ఇట్టి స్పందనములు సాధారణముగా సెకనునకు 50 పర్యాయములు వచ్చును. సెకనునకు 15 మీటర్ల వేగముతో పోవు విమానము రెండు స్పందనముల నడుమ 30 సెంటీమీటర్లు మాత్రమే ముందుకు పోవును. అందుచేతనే చేయి కదలగానే విమానము లోబడినట్లు కనిపించును.

ఇట్లు తీగ లేకుండ యంత్రమును నడుపుట క్రొత్త విద్య కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కు నగరములో ఒక చిన్న పడవను రేడియో తరంగములతో నడిపి చూపెను.

ఏ తరంగమును వాడవలెను?

రేడియో తరంగములు సెకనునకు 30 కోట్ల మీటర్లు పోవును. ఈ వేగమును పౌనఃపున్యముచే భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. వెనుకటి కాలమున అమెరికాలో నమూనా విమానములకు ఎక్కువగా వాడిన 72 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 4.2 మీటర్లు. నేడు ఎక్కువగా వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఏరియల్ పొడవు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు ఉన్నచో బాగుగా పనిచేయును. అందుచే పాత ప్రసారిణికి మీటరు పొడవుగల లోహపు కడ్డీ ఉండెడిది. నేటి గ్రాహకమునకు మూడు సెంటీమీటర్ల తీగ చాలును.

మన దేశములో ఏ తరంగమునైనను ఇష్టము వచ్చినట్లు వాడుటకు వీలులేదు. భారత ప్రభుత్వము 2005లో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు, 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగములను అల్పశక్తి పరికరములు లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించినది. వాని శక్తికి హద్దులను కూడ విధించినది. ఇందు 2.4 గిగాహెర్ట్జ్ ప్రసారిణులు విరివిగా దొరకును. పాఠశాలకు అవియే అనువైనవి.

915 మెగాహెర్ట్జ్ అని వ్రాసిన సెట్టులను మాత్రము కొనరాదు. అవి అమెరికాలో 902 నుండి 928 మెగాహెర్ట్జ్ వరకు స్వేచ్ఛగా వాడుకొనుటకు చేసినవి. మన దేశములో 890 నుండి 915 వరకు గల తరంగములు సెల్‌ఫోనులనుండి టవరునకు పోవు మాటలకు కేటాయింపబడినవి. ఆ సెట్టును ఇచ్చట వాడుట చట్టవిరుద్ధము. అంతేకాదు, ఊరిలోని ఫోనులకు అది అంతరాయము. ఆ ఫోనులు విమానమునకు అంతరాయము. యూరపులో వాడు 868 మెగాహెర్ట్జ్ సెట్టుల విషయములోను జాగ్రత్త అవసరము. కొనుటకు ముందు ఆ పరికరమునకు మన దేశములో అనుమతి పత్రము ఉన్నదా అని అడుగవలెను.

ఒకరి ఆజ్ఞ మరొకరి విమానమునకు పోకుండుట

పాత పద్ధతిలో ప్రతి ప్రసారిణికి ఒకే స్థిరమైన పౌనఃపున్యము ఉండెడిది. ఒకే పౌనఃపున్యముగల రెండు సెట్టులను ఒకే మైదానములో నడిపినచో, ఒకరి ఆజ్ఞ రెండవవారి విమానమును కూలద్రోసెడిది. అందుచే మైదానమున ఒక పలకను పెట్టి, ఎవరు ఏ పౌనఃపున్యమును వాడుచున్నారో దానిపై గుర్తులు పెట్టుకొనెడివారు.

నేటి ప్రసారిణి ఒకచోట నిలువదు. సెకనునకు ఎన్నో పర్యాయములు ఒక పౌనఃపున్యమునుండి మరొక పౌనఃపున్యమునకు గంతులు వేయును. ఏ క్రమములో గంతులు వేయవలెనో దానికి, దాని గ్రాహకమునకు మాత్రమే తెలియును. ఒకచోట అంతరాయము ఉన్నను, మరుక్షణమున వేరొకచోట ఆజ్ఞ అందును. నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథీల్ ఇట్టి పద్ధతికి 1942లో అమెరికాలో పేటెంటు పొందిరి. వారి ఉద్దేశము శత్రువులు అడ్డుకొనలేని విధముగా టార్పెడోను రేడియోతో నడుపుట. పియానోకు ఉండునన్ని మెట్లు, అనగా 88 పౌనఃపున్యములు, వారు సూచించిరి.

ప్రసారిణిని, గ్రాహకమును మొదటిసారి పరిచయము చేయుటను బైండింగు అందురు. సాధారణముగా ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క సంకేతభాష ఉండును. ఒక కంపెనీ ప్రసారిణి మాట వేరొక కంపెనీ గ్రాహకమునకు తెలియదు. కనుక ప్రసారిణి ధరతోపాటు, దానికి సరిపడు గ్రాహకము ధరను, దొరకు వీలును కూడ విచారింపవలెను. రెండవ, మూడవ విమానములు చేసినపుడు కొనవలసినవి గ్రాహకములే.

ఎంత దూరము కావలెను?

కొన్ని ప్రసారిణుల పెట్టెలపై అనేక కిలోమీటర్ల దూరము వ్రాసియుండును. పాఠశాల విమానమునకు అంత దూరముతో పనిలేదు. నమూనా విమానమును కంటికి కనిపించునంత మేరలోనే నడుపవలెను. మీటరు పొడవు రెక్కలుగల విమానము 400 మీటర్ల దూరములో ఎంత కనిపించునో లెక్కించి చూడవచ్చును. దాని కోణము సుమారు డిగ్రీలో ఏడవ వంతు, అనగా నిండుచంద్రుని వెడల్పులో నాలుగవ వంతుకంటె కొంచెము ఎక్కువ. అంత దూరమున విమానము వచ్చుచున్నదా, పోవుచున్నదా చెప్పుట కష్టము. తన వైపు వచ్చు విమానమును పోవుచున్నదని భ్రమించినవాడు కుడికి తిప్పబోయి ఎడమకు తిప్పును. కనుక దూరమునకు హద్దు పెట్టునది రేడియో కాదు, కన్ను. దూరము రెట్టింపైనచో అదే బలముతో సంకేతము అందుటకు నాలుగు రెట్లు శక్తి కావలెను. అక్కరలేని దూరమునకై అంత శక్తిని కొనుట దండుగ.

చేలపై తరంగము

అయినను దగ్గరలోనే సంకేతము సన్నగిల్లు సందర్భములు ఈ ప్రాంతములో ఉన్నవి. ప్రసారిణినుండి గ్రాహకమునకు పోవు తరంగమార్గము దారమువలె సన్ననిది కాదు. అది నూలు చుట్టిన కదురువలె కొనలయందు సన్నగా, నడుమ లావుగా ఉండును. నడుమ దాని వ్యాసార్ధమును తెలిసికొనుటకు తరంగదైర్ఘ్యమును దూరముతో గుణించి, వర్గమూలము తీసి, సగము చేయవలెను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము 400 మీటర్లు పోవునపుడు ఈ వ్యాసార్ధము మూడున్నర మీటర్లు. 100 మీటర్లు పోవునపుడు 1.8 మీటర్లు.

ఇప్పుడు నడుమునకు పైబడి పెరిగిన పత్తి చేను ఈవలి గట్టున విద్యార్థి నిలిచియున్నాడనుకొందము. విమానము ఆవలి గట్టునకు పోయి, దిగుటకై చేనుపై క్రిందికి వచ్చినది. ఆ సమయమున కదురులో క్రింది భాగమంతయు ఆకులలో మునుగును. ఆకులలో నీరు ఉన్నది. నీరు ఈ తరంగములను పీల్చుకొనును. మంచు కురిసిన ఉదయము, వాన వెలిసిన తరువాత ఈ నష్టము మరింత ఎక్కువ. పైన బాగుగా లోబడిన విమానము దిగునపుడు మాట వినకపోవుటకు ఇది ఒక కారణము. కనుక నడుపువాడు కొంచెము ఎత్తైన గట్టుపై నిలువవలెను. పంట తీసిన బీడుపై ఎగురవేయుట అన్నిటికంటె మేలు. రేకుల కప్పుగల గోదాములకు, శీతల గిడ్డంగులకు దూరముగా ఉండుటయు అవసరము. లోహపు రేకు తరంగమును మరుగుపరచును, తిప్పికొట్టును.

గ్రాహకమునకు రెండు ఏరియళ్ళు ఉన్నచో మంచిది. వానిని ఒకదానికొకటి లంబముగా అమర్చినచో, విమానము ఎటు ఒరిగినను ఒకటైనను సంకేతమును అందుకొనును. ప్రసారిణి ఏరియల్ కొనను విమానమువైపు గురిపెట్టరాదు. కొననుండి వెలువడు శక్తి అత్యల్పము. ప్రక్కలనుండి వెలువడునది ఎక్కువ.

సంబంధము తెగినపుడు

ఎంత మంచి సెట్టుకైనను ఎప్పుడో ఒకప్పుడు సంబంధము తెగవచ్చును. ప్రసారిణి బ్యాటరీ అయిపోవచ్చును, చేయిజారి క్రిందపడవచ్చును. అప్పుడు గ్రాహకము తనంతట తాను చేయవలసిన పనిని ముందుగానే నిర్ణయించి ఉంచు ఏర్పాటును ఫెయిల్‌సేఫ్ అందురు. కొన్ని చవుకరకపు గ్రాహకములు చివరగా అందిన ఆజ్ఞనే పట్టుకొనియుండును. చివరి ఆజ్ఞ మోటారును పూర్తిగా త్రిప్పుమనియైనచో, మోటారు త్రిప్పుచునే ఉండును. సెకనునకు 15 మీటర్ల చొప్పున నిమిషమునకు 900 మీటర్లు. ఆ మేరలో మిరపకాయలు కోయుచున్న కూలీలు ఉండవచ్చును, రహదారి ఉండవచ్చును, బడి ఉండవచ్చును.

సరియైన ఫెయిల్‌సేఫ్ మొదట మోటారును ఆపును. తరువాత చుక్కానిని కొంచెము ఒక ప్రక్కకు త్రిప్పి ఉంచును. అప్పుడు విమానము దూరముగా పోక, ఉన్నచోటనే చుట్లు తిరుగుచు నేలకు దిగును. విమానము విరుగవచ్చును, మనుష్యులకు ప్రమాదము తగ్గును. ఈ అమరికను మన ఇష్టానుసారము పెట్టుకొనుటకు వీలున్న ప్రసారిణినే కొనవలెను. విమానములోని బ్యాటరీ ఎంత మిగిలినదో తిరిగి తెలియజేయు సెట్టయినచో మరింత మేలు.

చానెళ్ళు, మీటలు, ఎండ

విమానమునకు ముఖ్యమైన ఆజ్ఞలు నాలుగు: మోటారు వేగము, చుక్కాని, ముక్కును పైకి క్రిందికి వంచు తోకపలక, ప్రక్కలకు ఒరుగజేయు రెక్కపలకలు. వీనికి నాలుగు చానెళ్ళు చాలును. ముందుముందు అవసరములకై ఆరు చానెళ్ళు ఉన్న సెట్టు పాఠశాలకు సరిపోవును. పది, పదునారు చానెళ్ళకై ధనము వెచ్చించుటకంటె, ఆ ధనముతో మరొక గ్రాహకమును కొనుట మంచిది.

మోటారు మీట ఎడమచేతి క్రింద ఉన్న అమరికను రెండవ పద్ధతి అనియు, కుడిచేతి క్రింద ఉన్నదానిని మొదటి పద్ధతి అనియు అందురు. రెండును మంచివే, నేర్పువారికి, నేర్చుకొనువారికి ఒకే పద్ధతి ఉండవలెను. రెండు ప్రసారిణులను జతపరచి, ఉపాధ్యాయుడు ఒక మీటను విడువగానే నియంత్రణము తన చేతికి వచ్చు వీలున్న సెట్టులు కలవు. పాఠశాలకు ఈ సదుపాయము ఎంతో విలువైనది.

వేసవిలో రెంటచింతల మొదలగు చోట్ల ఎండ తీవ్రత అందరికి తెలిసినదే. తెరపై అక్షరములు ఆ ఎండలో కనిపించునా అని బయట చూచి కొనవలెను. లిథియం బ్యాటరీలను ఎండలో, మూసిన కారులో ఉంచరాదు. అవి ఉబ్బి మంటలు లేవవచ్చును.

ఎగురవేయుటకు ముందు

మొదట ప్రొపెల్లరును తీసివేసి, మోటారును కొంచెము నడిపించి, ప్రసారిణిని ఆపవలెను. మోటారు ఆగి, చుక్కాని తిరిగినచో ఫెయిల్‌సేఫ్ పనిచేయుచున్నట్లు. తరువాత ప్రసారిణి శక్తిని పరీక్షకై తగ్గించు మీట నొక్కి, ముప్పది అడుగులు నడచి, మీటలను కదపవలెను. విమానమును పట్టుకొన్నవారు ప్రతి పలకయు కదలినదని చెప్పిన పిదపనే ఎగురవేయవలెను. ఎప్పుడును ముందు ప్రసారిణిని, తరువాత విమానమును వెలిగించవలెను. ఆపునపుడు ముందు విమానమును ఆపవలెను.

2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమములు విద్యకై, వినోదమునకై కంటిచూపు మేరలో నడుపు 25 కిలోగ్రాములలోపు నమూనా విమానములను ప్రత్యేకముగా పేర్కొన్నవి. పచ్చ మండలములో 400 అడుగుల ఎత్తు వరకు ఎగురవేయవచ్చును. విమానాశ్రయమునకు 8 నుండి 12 కిలోమీటర్ల మేరలో ఈ హద్దు 200 అడుగులు. నమోదు, పైలటు ధ్రువపత్రము అవసరమా అనునది బరువును, ఉపయోగమునుబట్టి మారును. పాఠశాల ముందుగా తెలిసికొనవలెను. స్థలము ఏ మండలములోనిదో డిజిటల్ స్కై పటములో చూడవచ్చును. ఈ ప్రాంతములో ఆ పటమును చూడక బయలుదేరరాదు. బాపట్ల చెంత సూర్యలంకలో వైమానికదళ కేంద్రము ఉన్నది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై 2022 డిసెంబరులో వైమానికదళము విమానములతో పరీక్షలు జరిపినది. ఖాళీగా కనిపించు ఆకాశమంతయు ఖాళీది కాదు.

ఈ పరీక్షలను ప్రతిదినము చేయించినచో, విద్యార్థికి తరంగదైర్ఘ్యము, వర్గమూలము, శక్తి నియమము పుస్తకములోని మాటలుగా మిగిలిపోవు. వాని వలన తన విమానము తిరిగి తన గట్టునకు చేరుచున్నదని అతడు కన్నులార చూచును.