గాజు తొట్టిలో చేపలు, నీటి మొక్కలు పెంచడం ఎలా?



చేప అంటే మనకి గెడ్డలో పట్టి పులుసు పెట్టుకునేదే. పట్నంలో కొంతమంది ఇళ్ళలో గాజు తొట్టిలో చేపల్ని పెంచుతారు. దానిని అక్వేరియం అంటారు. అందులో రంగు రాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, గాలి బుడగలు వచ్చే మిషను ఉంటాయి. ఆ మిషనుకి రోజంతా కరెంటు కావాలి. మన ఊళ్ళలో గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తాదో తెలీదు. అందుకని మిషను లేకుండా, నిజం మొక్కలతో తొట్టి ఎలా పెట్టాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

చేపలు ఎందుకు చచ్చిపోతాయి?

తొట్టిలో చేప చచ్చిపోతే మేత చాలలేదు అనుకుంటాం. కాని ఎక్కువసార్లు కారణం అది కాదు. చేప వదిలిన మలినం, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపకి విషం. గెడ్డలో నీరు పారుతుంది కాబట్టి మలినం కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికీ పోదు. అందుకని తొట్టి లోపలే శుభ్రం చేసేవాళ్ళు ఉండాలి. వాళ్ళు ముగ్గురు. మొక్కలు, నత్తలు, కంటికి కనబడని బాక్టీరియా.

మొక్కల సంగతి మనకి సైన్సులో ఉంది. హైడ్రిల్లా మొక్కని నీటిలో గరాటు కింద పెట్టి ఎండలో ఉంచితే బుడగలు వస్తాయి. అది ఆక్సిజన్. చేపలు పీల్చేది అదే. చేపలు వదిలిన కార్బన్ డై ఆక్సైడుని మొక్క తీసుకుంటుంది. అమ్మోనియాని కూడా ఎరువులాగ తీసుకుంటుంది.

బాక్టీరియా ఇసకనీ, రాళ్ళనీ పట్టుకుని ఉంటాయి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తుంది. ఇదీ విషమే. ఇంకో రకం దానిని నైట్రేటుగా మారుస్తుంది. ఇది అంత ప్రమాదం కాదు, మొక్కలకి బలం. ఈ బాక్టీరియా తొట్టిలో సరిపడా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో ఒక్కసారే చాలా చేపలు వేస్తే చచ్చిపోయేది ఇందుకే.

నత్తల సంగతి లండనులో తెలిసింది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో ఒక గాజు పాత్రలో రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటి మొక్క పెట్టాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తరువాత పాత ఆకులు కుళ్ళి నీరు మసకబారింది. గాజుకి పాచి పట్టింది. అప్పుడు చెరువు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్నీ పాచినీ తినేశాయి. నీరు తేరుకుంది. నత్తల గుడ్లు చేపలకి మేత అయ్యాయి. ఈ సంగతి అతను 1850లో ప్రకటించాడు. వాలిస్నేరియా జాతి మొక్కలు మన చెరువుల్లోనూ ఉంటాయి. ఆకులు పచ్చ రిబ్బనులాగ పొడవుగా ఉంటాయి.

తొట్టి తయారు చేసే విధానం

1. తొట్టి: 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న గాజు తొట్టి మంచిది. లెక్క చూడండి. 60 × 30 × 30 = 54,000 ఘన సెం.మీ. అంటే 54 లీటర్లు. నిండా పోస్తే నీరే 54 కేజీలు. గాజు, ఇసక బరువు అదనం. కాబట్టి గట్టి బల్ల ఉండాలి. గాజు కింద థర్మోకోల్ అట్ట వెయ్యాలి. గాజుది కొనలేకపోతే సిమెంటు గోలెం అయినా సరిపోతుంది. అయితే చేపల్ని పైనుంచే చూడగలం.

2. మట్టి, ఇసక: చెరువు అడుగు మట్టి తెచ్చి ఎండబెట్టి జల్లించాలి. 2 సెం.మీ. మందం వెయ్యాలి. మందు కొట్టిన పొలం మట్టి వద్దు. దాని మీద గెడ్డ ఇసక 4 సెం.మీ. వెయ్యాలి. ఇసకని ముందు నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. సముద్రం ఇసక వద్దు, ఉప్పూ గవ్వముక్కలూ ఉంటాయి. రాయి పెట్టాలనుకుంటే నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అది సున్నపు రాయి, పెట్టకూడదు.

3. నీరు: నూతిలో బ్లీచింగ్ పౌడరు కలిపి ఉంటే ఆ నీరు వెంటనే పోసీకూడదు. అందులో క్లోరిన్ ఉంటుంది. వెడల్పు గిన్నెలో ఒక రోజు పూర్తిగా ఆరుబయట ఉంచితే అది గాలిలోకి పోతుంది. పోసేటప్పుడు ఇసక మీద అడ్డాకు విస్తరి పెట్టి దాని మీద మెల్లగా పొయ్యాలి. అప్పుడు బురద లేవదు.

4. మొక్కలు: హైడ్రిల్లా మనం నాచు అని పిలిచేదే. దానినీ, వాలిస్నేరియానీ వేళ్ళతో ఇసకలో గుచ్చాలి. ఇసక సగానికి పైగా మొక్కలతో నిండాలి. అవి ఎక్కువ ఉంటేనే మొదటి వారాల్లో అమ్మోనియాని లాగగలవు. నాలుగైదు నత్తలు వెయ్యాలి.

5. వెలుతురు: ఉదయం ఎండ రెండు గంటలు పడే కిటికీ దగ్గర పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండ పడితే నీరు వేడెక్కుతుంది, పాచి పెరుగుతుంది.

6. చేపలు: రెండు వారాలు ఆగి, మొక్కలు కొత్త ఆకులు వేశాక మూడు చిన్న చేపలే వెయ్యాలి. ఇంకో మూడు వారాలకి మిగతావి. ఈ తొట్టికి వేలి పొడవు కూడా లేని చేపలు ఎనిమిది చాలు. చిన్న పరిగలు వెయ్యొచ్చు. కొర్రమీను పిల్ల చిన్నగా ఉందని వేస్తే మిగతా వాటిని తినేస్తాది. దుకాణంలో దొరికే చారల జీబ్రా చేప విదేశీది కాదు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో దాని గురించి రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దాన్నే పెంచుతున్నారు.

దోమలతో జాగ్రత్త

చేపలు లేని ఆ రెండు వారాలే ప్రమాదం. దోమ గుడ్డు పెట్టిన తరువాత వారం, పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసి దారి చూపించాడు. ఏజెన్సీలో మలేరియా అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుచేత పాత పలచటి చీర ముక్కని తొట్టికి గట్టిగా కట్టి ఉంచాలి. చేపలు వచ్చాక దోమ పిల్లల్ని అవే తినేస్తాయి.

ఇంకో సంగతి. మలేరియావాళ్ళు గోడలకి కొట్టే మందు, మనకి ఇచ్చే దోమతెరలకి ఉండే మందు పైరిత్రాయిడు రకానివి. మనకి అంత హాని లేదు గాని, చేపకి చాలా కొంచెమే చాలు చచ్చిపోడానికి. మందు కొట్టే రోజు తొట్టిని మూసి ఉంచాలి, లేదా చేపల్ని బిందెలో బయట పెట్టాలి. మందు కొట్టించుకోడం మాత్రం మానకూడదు. దోమతెరతో చేపలు పట్టకూడదు. దానిని గెడ్డలో, చెరువులో ఉతకకూడదు. ఒక తొట్టిలో ఉతికి ఆ నీరు గెడ్డకి దూరంగా నేల మీద పొయ్యాలి. దోమతెర సంచి మీద సూచనలు ఉంటాయి. ఇంట్లో చదువు రానివాళ్ళకి మనమే చదివి చెప్పాలి.

రోజూ చెయ్యవలసిన పనులు

మేత రోజుకి ఒక్కసారి చాలు. చిటికెడు తవుడు వేసి చూడండి. రెండు మూడు నిమిషాల్లో తినేస్తే సరి. మిగిలితే రేపు తగ్గించాలి. అన్నం మెతుకులు వెయ్యకూడదు, కుళ్ళిపోతాయి. ఎండుటాకులు తీసేయాలి.

వారానికి ఒకసారి 10 లీటర్ల నీరు తీసి అంతే కొత్త నీరు పొయ్యాలి. రబ్బరు గొట్టం నిండా నీరు నింపి, రెండు కొసలూ వేలితో మూసి, ఒక కొస తొట్టిలో, ఇంకో కొస కింద బకెట్టులో పెట్టి వదిలితే నీరు దానంతట అదే దిగుతుంది. ఆ పాత నీటిలో నైట్రేటు ఉంటుంది, బీర పాదుకి పొయ్యండి. మొత్తం నీరు పారబోసి, ఇసకని సబ్బుతో కడగకూడదు. మంచి బాక్టీరియా అంతా పోతాది. తొట్టిలో చెయ్యి పెట్టాక మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గుర్తులు చూసి తెలుసుకోవడం

నీరు పచ్చబడితే ఎండ ఎక్కువైంది. తెల్లగా మసకబారితే మేత ఎక్కువైంది. వాసన వస్తే ఏదో చచ్చి కుళ్ళింది, వెతకాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలలేదు. రాత్రి మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, అవి కూడా పీలుస్తాయి. అంటే చేపలు ఎక్కువైపోయాయని అర్థం. వెంటనే కొంత నీరు మార్చి, చేపల్ని తగ్గించాలి.

వద్దనుకుంటే ఏం చెయ్యాలి?

నాలుగైదు రోజులు ఊరు వెళ్తే మేత లేకపోయినా చేపలు బతుకుతాయి. వేసవి సెలవులకి మాత్రం ఎవరికైనా అప్పజెప్పాలి. గెడ్డలో పట్టిన చేపని పట్టిన చోటే వదలొచ్చు. దుకాణంలో కొన్న చేపనీ మొక్కనీ మాత్రం గెడ్డలో వదలకూడదు. గంబూసియా చేపని దోమల కోసం 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది దోమ పిల్లలతోపాటు వేరే చేపల గుడ్లనీ పిల్లల్నీ తింటుంది. గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. ఇప్పుడు మన చెరువుల్ని మూసేస్తోంది. తొట్టిలో తప్పు జరిగితే ఎనిమిది చేపలు పోతాయి. గెడ్డలో జరిగితే దాని కింద ఉన్న ఊళ్ళన్నింటికీ చేప పోతుంది.

— 9వ తరగతి విద్యార్థిని