అతుకు కనబడని కాంక్రీటు గోడ

పాతబడిన సిమెంటు గోడను చూడగానే అది పాతదని ఎవరైనా చెప్పగలరు. ఎందువలన పాతదనిపించిందో వివరించమంటే మాత్రం చాలామంది తడబడతారు. నిజమైనదిగా తోచే భవనాన్ని కంప్యూటర్ తెరపై రూపొందించేవారికి కావలసినది ఆ వివరణే.

బళ్లారి, హొసూరు, పర్లాకిమిడి, యానాం వంటి చోట్ల తెలుగు కుటుంబాల పిల్లలు త్రీడీ యానిమేషన్ కోర్సులోనో, భవనాల రెండరింగ్ కోర్సులోనో చేరుతామని ఇంట్లో అడగడం ఇప్పుడు వింత కాదు. ఆ పని ఏమిటో తెలియక పెద్దలు అప్పుచేసి ఫీజు కట్టడమో, లేక ఆటలని కొట్టిపారేయడమో జరుగుతుంది. కాంక్రీటు గోడ అనే ఒక్క ఉదాహరణను గమనించినా ఆ పనిలోని మెలకువ ఎక్కడున్నదో తెలుస్తుంది.

కంప్యూటర్‌లో నిర్మించిన ఇల్లు మొదట ఉత్త ఆకారం. గోడలు, స్తంభాలు, శ్లాబు కొలతలకు సరిపోతాయి గాని తెల్ల అట్టతో చేసిన బొమ్మవలె కనిపిస్తాయి. అటువంటి ఆకారంపై ఒక చిత్రాన్ని చర్మంలాగా కప్పే విధానాన్ని ఎడ్విన్ కాట్మల్ అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన గ్రంథంలో 1974లో చూపారు. ఆ కప్పే చిత్రాన్ని టెక్స్చర్ అంటారు. టెక్స్చర్ తొడిగిన ఆకారంపై వెలుగు ఎటునుంచి, ఎంత పడుతుందో లెక్కగట్టి తుది చిత్రాన్ని తయారుచేయడమే రెండరింగ్.

ఫోటోలో పట్టేది మహా అయితే రెండు మూడు మీటర్ల గోడ. కప్పవలసిన గోడ ఇరవై మీటర్లు ఉండవచ్చు. అందుచేత ఒకే చిత్రాన్ని పక్కపక్కన, పైనా కిందా పదేపదే పరుస్తారు. చిత్రం కుడి అంచు ఎడమ అంచుతోను, పై అంచు కింది అంచుతోను కలవకపోతే చిత్రం ముగిసిన ప్రతిచోటా ఒక గీత కనబడుతుంది. మచిలీపట్నం, పెడన అద్దకపు పని ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. అక్కడి కలంకారీలో చెక్క అచ్చును వరుసగా అద్దుతూ పోతారు. ఒక అద్దకంలో తెగిన తీగను తరువాతి అద్దకం అందుకోవాలి. అచ్చు చెక్కేవారు ఆ కలయికను ముందే చెక్కలో చూసుకుంటారు. అతుకులేని టెక్స్చర్ కూడా అటువంటి అచ్చే.

ఆ అచ్చుకు మూలమైన ఫోటో తీయడంలోనే సగం పని ఉంది. ఎండలో తీసిన ఫోటో పనికిరాదు. గోడమీది ప్రతి గుంటలోను ఎండ ఒక నీడను వేస్తుంది, ఆ నీడ చిత్రంలో నిలిచిపోతుంది. తరువాత కంప్యూటర్‌లో సూర్యుణ్ణి పడమట నిలిపినా గోడమీది నీడలు ఉదయపు ఎండవే అయి ఉంటాయి. మబ్బు పట్టిన రోజున, గోడకు తిన్నగా ఎదురు నిలిచి, కొలత తెలిసేందుకు పక్కన ఒక టేపు ఆనించి ఫోటో తీయాలి.

తరువాత జింప్ వంటి ప్రోగ్రాములో చిత్రాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం జరుపుతారు. కుడివైపు బయటికి పోయిన భాగం ఎడమవైపు నుంచి లోనికి వస్తుంది. దానితో అంచులలో దాగి ఉన్న అతుకులు చిత్రం నడుమ కూడిక గుర్తులాగా బయటపడతాయి. పక్కనున్న గరుకును కొద్దికొద్దిగా తెచ్చి ఆ గుర్తును చెరిపివేస్తారు. అతుకును తనంతట తానే మాయం చేసే సౌకర్యం కూడా జింప్‌లో ఉన్నది గాని, అది చిత్రాన్ని చిత్రంపైనే కలిపివేయడం వలన మచ్చలు మసకబారి జంటలుగా కనబడతాయి. చేతిపనే మేలు. ఫోటోలో ఒక పక్క కాస్త నలుపు, మరొక పక్క కాస్త తెలుపు ఉంటే దగ్గర నుంచి తెలియదు. అదే చిత్రాన్ని పదిసార్లు పరచి దూరం నుంచి చూస్తే గోడంతా గళ్లదుప్పటిలా అగుపిస్తుంది. కనుక వెలుగును చిత్రమంతటా సమం చేయాలి.

కొలత విషయంలో ఏమరుపాటు పనికిరాదు. 2048 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రం రెండు మీటర్ల గోడను చూపితే ఒక పిక్సెల్ సుమారు ఒక మిల్లీమీటరు. ఆ చిత్రాన్నే పది మీటర్ల గోడకు సాగదీస్తే 5 మిల్లీమీటర్ల గాలిబుడగ గుంట 25 మిల్లీమీటర్లవుతుంది. చూసేవారు గుంట పెద్దదని అనుకోరు, భవనమే చిన్న బొమ్మ అనుకుంటారు.

రంగు ఒక్కటే చాలదు. గరుకుదనాన్ని తెలిపే చిత్రం ఒకటి, ఎత్తుపల్లాలను తెలిపేది మరొకటి రంగు చిత్రంతో సరిగా సరిపోవాలి. ఆకారాన్ని మార్చకుండా వెలుగు లెక్కను మాత్రమే మార్చి, ఎత్తుపల్లాలు ఉన్నట్లు భ్రమింపజేసే ఉపాయాన్ని జేమ్స్ బ్లిన్ 1978లో ప్రకటించారు. గోడ నడుమ ఆ ఉపాయం కంటిని నమ్మిస్తుంది. గోడ మూలలో మాత్రం అంచు కత్తివాదరలా ఉండిపోతుంది. నిజమైన కాంక్రీటు స్తంభానికి అంతటి పదునైన అంచు ఉండదు. అందుచేత మూలలను ఆకారంలోనే కొద్దిగా గుండ్రం చేసి, అక్కడక్కడ పెచ్చులు ఊడినట్లు చూపాలి. బ్లెండర్ ప్రోగ్రాములో గరుకుదనం, ఎత్తుపల్లాల చిత్రాలకు ‘నాన్-కలర్’ అని నిర్దేశించకపోతే అది వాటిని రంగులుగా భావించి లోపలి అంకెలను మార్చివేస్తుంది. కొత్తవారి గోడ ఉండవలసిన దానికన్నా మెరవడానికి ఇదొక కారణం.

ఇంతవరకు సిద్ధమైనది కాంక్రీటు అనే పదార్థం మాత్రమే. దానికి వయసు రావాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. నల్లని చారలు, తుప్పు మరకలు నిండుగా ఉన్న ఫోటోను ఎంచుకొని దానినే అచ్చుగా వాడతారు. అప్పుడు ఒకే తుప్పు మరక గోడ పొడవునా లెక్కపెట్టినట్లు తిరిగి తిరిగి వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మను అచ్చుతో అద్దరు, కలంతో గీస్తారు. గోడ పనికి ఆ రెండు పద్ధతులూ కావాలి. ఏ ప్రత్యేకతా లేని బూడిదరంగు పదార్థం అచ్చుతో రావాలి, మరకలు కలంతో పడాలి. కలంతో వేసే ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి.

మొదటి కారణం నీరు. పిట్టగోడ పైభాగం వాననీటిని నేరుగా పీల్చుకుంటుంది. అక్కడ పాచి పట్టి, ఎండిన తరువాత నల్లబడుతుంది. సజ్జా కింద వాన తగలని మేర గోడ తేటగా ఉంటుంది, సజ్జా రెండు కొనల నుంచి మాత్రం నల్లని చారలు దిగుతాయి. చార పైన చిక్కగా ఉండి కిందికి పోనుపోను పలచబడుతుంది. నేల దగ్గర మూరెడు ఎత్తువరకు వాన చినుకులు చిమ్మిన మట్టి ఉంటుంది. ఎర్రనేలల్లో అది ఎరుపు, నల్లరేగడిలో నలుపు. బళ్లారి గోడకూ గంజాం తీరపు గోడకూ ఒకే మరకలు వేస్తే రెండు ఊళ్లవారూ నమ్మరు. ఈ సంగతులు నగరంలోని తరగతి గదిలో కంటె పల్లెలోని వాటర్ ట్యాంకు దగ్గర బాగా తెలుస్తాయి.

తుప్పు తీరు వేరు. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప చువ్వలను కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోనికి చొరబడి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. సముద్రతీరంలో ఉప్పు చువ్వను మరింత త్వరగా దెబ్బతీస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పైని కాంక్రీటు పగిలి ఊడుతుంది. కాబట్టి తుప్పు మరక చువ్వ ఉన్న వరుసలో, పగులు నుంచి మొదలు కావాలి. శ్లాబు అడుగున నీరు కారినచోట కనిపించే తెల్లని పొర, కాంక్రీటులోని సున్నం నీటిలో కరిగి వచ్చి గాలి తగిలి గట్టిపడినది. ఇక తడిసిన కాంక్రీటు ముదురు రంగుకు మారడమే గాక కొంచెం మెరుస్తుంది. రంగును నల్లబరచి గరుకుదనాన్ని తగ్గించకపోతే అది తడిలా గాక మసిలా కనబడుతుంది.

కట్టడం తీరును బట్టి కూడా వయసు కనబడే చోటు మారుతుంది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమానికి చెందిన ‘గోల్కొండ్’ వసతిగృహాన్ని ఇందుకు పాఠంగా తీసుకోవచ్చు. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేయగా 1930లలో నిర్మాణం మొదలైన ఆ భవనం, భారతదేశంలో కాంక్రీటును ప్లాస్టరింగ్ లేకుండా బయటికే వదిలిన తొలి కట్టడాలలో ఒకటి. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం నుంచి వచ్చిన విరాళం వలన దానికి గోల్కొండ పేరు వచ్చింది. దాని ముఖభాగం నిండా తెరచి మూయగల అడ్డపలకలు ఉంటాయి. అటువంటి భవనాన్ని గీసేవారు పలకలన్నిటికీ ఒకే టెక్స్చర్‌ను ఒకే చోటు నుంచి వేస్తే మోసం వెంటనే బయటపడుతుంది. ఒక్కొక్క పలకకు అచ్చును కొంచెం జరిపి వేయడం తేలికైన ఉపాయం. శ్రద్ధగా చూసుకునే భవనానికి పగుళ్లు, తుప్పు అంటగట్టడం కూడా తప్పే.

అచ్చు పునరావృతిని దాచడానికి మరొక సాధనం ఉంది. 1982లో వచ్చిన ‘ట్రాన్’ చిత్రానికి పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ చిత్రాల యాంత్రికమైన నునుపుతో తృప్తిపడక, క్రమం లేనట్లు తోచే మచ్చలను గణితంతో పుట్టించే పద్ధతిని కనిపెట్టి 1985లో ప్రచురించారు. దానికి 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం లభించింది. ఆ మచ్చలను మీటర్ల వెడల్పున పలచగా పరిస్తే కింద ఉన్న అచ్చు తిరిగి తిరిగి వస్తున్నదని కన్ను పసిగట్టలేదు.

ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. బ్లెండర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. జింప్ కూడా ఉచితమే. పాలీ హేవెన్ అనే సైటు అతుకులేని కాంక్రీటు చిత్రాలను ఏ షరతూ లేకుండా ఇస్తుంది. ఇంటర్నెట్‌లో కంటబడిన ఇతరుల ఫోటోను మాత్రం అనుమతి లేకుండా వాడరాదు. ఫీజు కట్టే ముందు పిల్లలు ఈ ఉచిత సాధనాలతో ఊరిలోని ఒక కల్వర్టునో, బడి పిట్టగోడనో చేసి చూడవచ్చు. సంస్థకు వెళ్లినప్పుడు అక్కడి విద్యార్థులు చేసిన చిత్రాలను చూపమని అడిగి, ఏదో ఒక గోడ దగ్గర ఆగి, ఆ మరక అక్కడికి ఎలా వచ్చిందని బోధకుణ్ణి ప్రశ్నించవచ్చు.