వైద్య ప్రయోగశాల నిపుణులు: చదువు, శిక్షణ, నమోదు

జ్వరంతో ఆసుపత్రికి వచ్చిన రోగికి సోకినది మలేరియానా, డెంగ్యూనా అన్నది వైద్యులు చాలావరకు ప్రయోగశాల నివేదిక ఆధారంగానే నిర్ధారిస్తారు. నివేదిక తప్పయితే చికిత్స దారి తప్పుతుంది. రక్త గ్రూపు నిర్ధారణలో జరిగే పొరపాటు రోగి ప్రాణానికే ముప్పు తెస్తుంది. అయినప్పటికీ ఆ నివేదికను రూపొందించిన వ్యక్తి ఏ చదువు చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎక్కడ నమోదయ్యారు అన్న విషయాలపై ప్రజలలో అవగాహన తక్కువగా ఉన్నది. ఈ రంగంలోకి ప్రవేశించదలచిన విద్యార్థులు, వారిని నియమించే అధికారులు తెలుసుకోవలసిన అంశాలు ఈ విధంగా ఉన్నాయి.

రెండు మార్గాలు

తెలుగు రాష్ట్రాలలో ఈ వృత్తికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఇంటర్మీడియట్ అనంతరం చదివే రెండు సంవత్సరాల డి.ఎం.ఎల్.టి. డిప్లొమా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో రూపొందిన పారామెడికల్ బోర్డు చట్టం ఇటువంటి కోర్సులను నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. రెండవది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగు సంవత్సరాల బి.ఎస్సీ. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీ. ఇందులో ప్రవేశానికి బై.పి.సి. విద్యార్థులు అర్హులు. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధ కళాశాలల ద్వారా ఈ డిగ్రీని అందిస్తున్నాయి. జీవ రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, రోగ నిర్ధారణ శాస్త్రం, రక్త నిధి నిర్వహణ ఇందులో ముఖ్యమైన పాఠ్యాంశాలు.

ఇంటర్న్‌షిప్ ఎందుకు?

తరగతి గదిలో నేర్చిన పాఠం ఆసుపత్రి ప్రయోగశాలలో అనుభవంగా మారుతుంది. ఉదాహరణకు, రక్తకణాల లెక్కింపు కోసం వాడే ఇ.డి.టి.ఎ. గొట్టంలో పొటాషియం లవణం ఉంటుంది. ఆ గొట్టంలోని రక్తం కొద్దిపాటి అయినా మరొక నమూనాలో కలిస్తే, రోగి రక్తంలో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నట్లు తప్పుడు ఫలితం వస్తుంది. నమూనా సేకరణలో ఎర్ర రక్తకణాలు పగిలినా పొటాషియం పెరిగినట్లే కనిపిస్తుంది. యంత్రం తన పని సక్రమంగానే చేసినా, నమూనాలోనే దోషం ఉంటుంది. ఇటువంటి ఫలితాన్ని అనుమానించి, నమూనాను తిరిగి కోరగలగడం శిక్షణ పొందిన వారికే సాధ్యం. రోగుల నమూనాలను పరీక్షించే ముందు, విలువలు ముందే తెలిసిన నియంత్రణ నమూనాలతో యంత్రాన్ని ప్రతిరోజూ సరిచూడడం కూడా ఈ శిక్షణలో భాగమే.

సైన్సు డిగ్రీ ఒక్కటే చాలదు

బి.ఎస్సీ. మైక్రోబయాలజీ లేదా బయోకెమిస్ట్రీ చదివిన పట్టభద్రులు తాము కూడా నేరుగా ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి అర్హులమని భావించడం సహజం. అయితే విషయ పరిజ్ఞానం వేరు, వృత్తి అర్హత వేరు. రక్త నిధి కేంద్రాల నిబంధనలు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం అక్కడి టెక్నీషియన్‌కు మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిగ్రీతో పాటు రక్త పరీక్షలలో ఆరు నెలల అనుభవం, లేదా డిప్లొమాతో పాటు ఒక సంవత్సరం అనుభవం ఉండాలి. దాత ఇచ్చిన ప్రతి యూనిట్ రక్తాన్ని హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా వ్యాధుల కొరకు పరీక్షించవలసిన బాధ్యత ఉన్నందువల్లనే ఈ కట్టుబాటు విధించడం జరిగింది.

2021 చట్టం

దేశవ్యాప్తంగా ఒకే ప్రమాణం లేని లోటును పూరించేందుకు పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఇది అదే సంవత్సరం మే 25 నుండి అమలులోకి వచ్చింది. చట్టంలోని పది వృత్తి విభాగాలలో వైద్య ప్రయోగశాల, జీవ శాస్త్రాల విభాగం మొదటిది. అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులకు రెండు నుండి నాలుగు సంవత్సరాల కాలంలో కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులకు మూడు నుండి ఆరు సంవత్సరాల కాలంలో కనీసం 3,600 గంటలు చదువు, శిక్షణ ఉండాలని చట్టం నిర్దేశించింది. రాష్ట్ర మండళ్లు, రాష్ట్ర, కేంద్ర రిజిస్టర్లు ఏర్పాటు కావాలని పేర్కొన్నది. అమలులో జాప్యంపై దాఖలైన వ్యాజ్యంలో, చట్టాన్ని రెండు నెలలలో అమలు చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది.

విదేశాలకు వెళ్లదలచిన వారికి

అమెరికాలో ఈ వృత్తిని మెడికల్ లేబొరేటరీ సైంటిస్ట్ అంటారు. అక్కడి అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీకి చెందిన ధ్రువీకరణ బోర్డు 100 ప్రశ్నలతో రెండున్నర గంటల కంప్యూటర్ పరీక్ష నిర్వహిస్తుంది. 999 గరిష్ఠ స్కోరులో కనీసం 400 సాధించిన వారు ఉత్తీర్ణులవుతారు. పొందిన ధ్రువపత్రాన్ని మూడు సంవత్సరాలకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో దీనితో పాటు రాష్ట్ర లైసెన్సు కూడా తప్పనిసరి. కావున డిగ్రీ పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన అక్కడ ఉద్యోగం లభిస్తుందన్న ప్రచారాన్ని విద్యార్థులు నమ్మరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

కళాశాలలో చేరే ముందు ఆ సంస్థకు ఆ విద్యా సంవత్సరానికి గుర్తింపు ఉన్నదా, ఏ విశ్వవిద్యాలయానికి లేదా బోర్డుకు అనుబంధమై ఉన్నది, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో జరుగుతుంది అన్న మూడు విషయాలను విద్యార్థులు, తల్లిదండ్రులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. గుర్తింపు లేని సంస్థలో చదివితే రుసుముతో పాటు విలువైన సంవత్సరాలు కూడా వృథా అవుతాయి. నియామక అధికారులు అసలు ధ్రువపత్రాలతో పాటు నమోదు సంఖ్యను కూడా పరిశీలించాలి. శిక్షణ లేని చేతిలో జరిగిన పరీక్షకు మూల్యం చెల్లించవలసి వచ్చేది చివరకు రోగియే.